ఫారం దగ్గరే తేలిపోతుంది

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన వెబ్‌సైట్ పేజీలు చూశాను. రంగులూ బొమ్మలూ బాగున్నాయి, వాటి జోలికి పోను. హోంపేజీ మీద పెట్టిన శ్రద్ధలో సగం ఆ రిజిస్ట్రేషన్ ఫారం మీద పెట్టి ఉంటే ఈ ఉత్తరం ఇంత పొడుగయ్యేది కాదు. హోంపేజీని జనం ఓసారి చూసి ముందుకు పోతారు. ఫారంతో మాత్రం కుస్తీ పట్టాలి.

ముందు గడుల సంగతి. "మీ ఫోన్ నంబర్" అని గడి లోపలే లేత బూడిదరంగులో రాశావు. అది ప్లేస్‌హోల్డర్ రా, అంటే గడి ఖాళీగా ఉన్నంతసేపే కనిపించే సూచన. గడి పేరు చెప్పే లేబుల్ కాదు. ఒక్క అంకె కొట్టగానే మాయమవుతుంది. నాలుగు గడులు నింపి, మధ్యలో ఎవరో పిలిస్తే వెళ్లొచ్చినవాడికి ఏ గడి దేనికో గుర్తుండదు. గడి అప్పటికే నిండి ఉందనుకుని దాటేసేవాళ్లూ ఉంటారు. లేబుల్‌ని గడి పైన, ఎప్పుడూ కనిపించేలా పెట్టు. పక్కన వద్దు, ఫోన్‌లో చోటు చాలదు. కోడ్‌లో దాన్ని గడి ఐడీతో ముడిపెట్టావంటే లేబుల్ మీద నొక్కినా కర్సర్ గడిలోకి వెళ్తుంది, చూపు లేనివాళ్లకి తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడరూ సరిగ్గా చదువుతుంది.

ఆ బూడిదరంగు కోడ్ #999 కదా? తెలుపు మీద దాని కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, 3:1 కూడా రాదు. వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే ప్రమాణాలు డబ్ల్యూసీఏజీ. మామూలు సైజు అక్షరాలకు అవి అడిగేది కనీసం 4.5:1. #767676 పెట్టు, గట్టెక్కుతావు, నీ బూడిదరంగు మోజూ తీరుతుంది.

గడిలో అక్షరాలు 14 పిక్సెల్స్ ఉన్నాయి. ఐఫోన్ సఫారీలో 16 కన్నా తక్కువుంటే గడి మీద నొక్కగానే పేజీ జూమ్ అయిపోతుంది. దానికి విరుగుడని కొందరు జూమ్‌నే ఆపేస్తుంటారు. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే అది. 16 చెయ్యి, చాలు.

ఫోన్ నంబర్ గడికి కోడ్‌లో టైప్ 'నంబర్' ఇచ్చావు. కంప్యూటర్‌లో మౌస్ చక్రం తిరిగితే అంకె మారిపోయే ప్రమాదం ఉంది, 'టెల్' ఇవ్వు. ఓటీపీ గడికి ఏ కీబోర్డ్ రావాలో చెప్పే ఇన్‌పుట్‌మోడ్ 'న్యూమరిక్', ఆటోకంప్లీట్ 'వన్-టైమ్-కోడ్' పెడితే ఐఫోన్ మెసేజ్‌లోంచి కోడ్ తీసి కీబోర్డ్ మీదే చూపిస్తుంది. ఓటీపీకి ఆరు వేరువేరు గడులు మాత్రం పెట్టకు, పేస్ట్ చేసేవాడు తిట్టుకుంటాడు. నంబర్ మధ్య ఎవరైనా స్పేస్ ఇస్తే కోడ్‌లో నువ్వే తీసేసుకో. దానికోసం మనిషిని కసురుకోవడం దేనికి?

ఇక తప్పుల మెసేజ్. "వివరాలు సరిగా లేవు" అని పేజీ పైన ఎర్రగా ఒక ముక్క. ఏ వివరం? ఎలా సరిచెయ్యాలి? సంబంధిత గడి కిందే "నంబర్‌లో 10 అంకెలుండాలి, 9 ఉన్నాయి" అని రాయి. ఎరుపొక్కటే నమ్ముకోకు, రంగులు గుర్తుపట్టలేనివాళ్లుంటారు, పక్కన ఒక గుర్తు పెట్టు. టైప్ చేస్తుండగానే తప్పని అరవకు, గడి వదిలి వెళ్లాక చెప్పు. పంపే బటన్‌ని ముందే వెలిసిపోయినట్టు చచ్చుగా ఉంచకు. ఎందుకు పనిచెయ్యట్లేదో తెలీక తలపట్టుకుంటారు. నొక్కనివ్వు, ఏం మిగిలిందో చూపించు. అన్నిటికన్నా ముఖ్యం, తప్పొచ్చినప్పుడు నింపినవన్నీ అలాగే ఉండాలి.

బటన్లకి డబ్ల్యూసీఏజీ 2.2 చెప్పే కనీస సైజు 24 పిక్సెల్స్. బొటనవేలికి అది ఇరుకే, ఆండ్రాయిడ్ సలహా ఇచ్చే 48కి దగ్గరగా పోనివ్వు. 'సేవ్', 'రద్దు' అంటుకుని ఉన్నాయి, విడగొట్టు.

తెలుగు పేజీల్లో లైన్ హైట్, అంటే వరుస ఎత్తు, అక్షరం సైజుకి 1.4 రెట్లయితే సరిపోదు. వత్తులు కింది వరుస గుడులకి తగులుతున్నాయి. 1.7 పెట్టి చూడు. బటన్‌కి ఎత్తు ఖాయం చేసి మిగతాది దాచేశావు కాబట్టి "రిజిస్ట్రేషన్"లో వత్తుల అడుగు తెగిపోతోంది. ఎత్తు తీసేసి అక్షరాల చుట్టూ ఖాళీ, అదే ప్యాడింగ్, ఇవ్వు.

ఇవన్నీ అయ్యాక ఈ పేజీ ఎన్నడూ చూడని ఐదుగురి చేతిలో ఫోన్ పెట్టి "పేరు నమోదు చేసుకోండి" అని మాత్రం చెప్పు. "ఇక్కడ నొక్కండి" అన్నావో, పరీక్ష అక్కడికి అయిపోయినట్టే. మొదట వేలు ఎక్కడికి వెళ్లింది, ఎక్కడ ఆగింది, రాసుకో. ముగ్గురు ఒకేచోట ఆగితే వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఆ కాగితం ఫొటో తీసి పంపు, మిగతాది అది చూశాక రాస్తాను.

నీ మిత్రుడు