వెండి రూపాయిని చింతపండుతో తోమకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

గత వారం గంటస్తంభం దగ్గర ఉండే ఒక చెల్లెమ్మ, వాళ్ల నాయనమ్మ పెట్టెలో దొరికిన 1907 నాటి, ఎడ్వర్డ్ రాజు బొమ్మ ఉన్న వెండి రూపాయిని నాకు చూపించడానికి తెచ్చింది. తెచ్చే ముందు చింతపండు పెట్టి తళతళలాడేలా తోమిందట. నా మనసు చివుక్కుమంది. గాలిలోని గంధకం తగిలి వెండి ఏళ్ల తరబడి నల్లబడుతుంది, ఒక్కోసారి అంచుల్లో నీలం, పసుపు ఛాయలు తేలుతాయి. అది మురికి కాదు, నాణెం వయసు. భూతద్దంలో చూస్తే రాజుగారి చెంప మీద అన్నీ తోమిన సన్నని గీతలే. చెవి మీది వెంట్రుకల పాయలు మాత్రం అరగలేదు. అంటే పెద్దగా చేతులు మారని నాణెం! ఆ మేలిమి ఒక్క పూటలో పోయింది, రూపాయి బరువు 11.66 గ్రాములు మాత్రమే మిగిలింది.

అంచు కొరికినట్టున్న రూపాయి తెచ్చి లక్షలు వస్తాయా అని అడిగేవారూ ఉన్నారు. టంకశాలలో ముద్ర వేయక ముందు బిళ్ల కత్తిరించేటప్పుడే అంచు పోతే, చాలాసార్లు దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న గట్టు, అంటే అంచున ఉబ్బెత్తుగా ఉండే భాగం, కూడా పలచబడుతుంది. తరువాత ఎవరో ఆకురాయితో అరగదీస్తే ఎదుటి గట్టు నిండుగానే ఉంటుంది. టంకశాల పొరపాటా, తరువాత ఎవరో చేసిన పనా అన్నది ముందు అలా చూసుకోవాలి.

పాత నాణేల అమ్మకానికి తన పేరు చెప్పి రుసుము అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021లోనే హెచ్చరించింది. అయినా మా వీధిలో ఒకాయన ఫోనులో మాటలు విని డబ్బు పోగొట్టుకున్నారు. దయచేసి ఆ హెచ్చరికను మీ జిల్లా పేజీలో మరోసారి ప్రచురించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం