శ్రీసిటీలో చేరబోతున్న తమ్ముడికి

నగోయా, జపాన్,
ఆదివారం

చిన్నా,

అక్క ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. వచ్చే నెల ఒకటిన శ్రీసిటీలో జపాన్ కంపెనీలో చేరుతున్నావని అమ్మ చెప్పగానే ఎంత సంతోషమేసిందో! డ్రాయింగ్ చదవడం, మైక్రోమీటర్ పట్టడం నీకు ఎవరూ నేర్పక్కర్లేదు. మనుషులతో పని జరుపుకోవడం మాత్రం ఏ కాలేజీలోనూ చెప్పరు. ఫోన్లో చెబితే గాలికి పోతుందని కాగితం మీద పెడుతున్నాను. దాచుకో.

ముందు ఒక మాట మానెయ్: "అయిపోతుంది సార్." మన దగ్గర అది మర్యాద. పెద్దవాళ్ల మొహం మీద కాదనలేక అంటాం, వాళ్లూ దాన్ని అంతవరకే తీసుకుంటారు. జపాన్ వాళ్లు దాన్ని తారీఖుగా రాసుకుంటారు. దాన్ని నమ్ముకుని ఇంకో ముగ్గురికి మాట ఇస్తారు. పని ఆలస్యమైతే సర్దుకుంటారు. ఆలస్యమవుతుందని మంగళవారమే తెలిసీ శుక్రవారం దాకా చెప్పకపోతే మాత్రం నీ మీద నమ్మకం పోతుంది, అది మళ్లీ రావడం చాలా కష్టం.

ఇక్కడ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకు నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి "హోరెన్సో". హోకోకు అంటే రిపోర్టు ఇవ్వడం, రెన్‌రాకు అంటే సమాచారం అందించడం, సోదాన్ అంటే సలహా అడగడం. మూడిటి మొదళ్లూ కలిపితే వచ్చిన మాట అది. జపనీస్‌లో పాలకూర పేరు కూడా అదే, అందుకే ఒకసారి వింటే మర్చిపోరు. నీకు నాలుగు రోజుల పని ఇచ్చారనుకో. తీసుకున్నప్పుడే, ఏం చేయాలో నీ మాటల్లో తిరిగి చెప్పు. తేదీతో పాటు గంట కూడా అడుగు. రెండో రోజు సాయంత్రం, ఎవరూ అడగకపోయినా, ఎంతవరకు వచ్చిందో చెప్పు. సగంలో తెలిస్తే వాళ్లు ఇంకో మనిషిని ఇవ్వగలరు, తేదీ జరపగలరు. ఆఖరి రోజు తెలిస్తే వినడం తప్ప చేయగలిగిందేమీ ఉండదు. అడ్డంకి వస్తే మాత్రం ఆ సగం దాకా కూడా ఆగకు, వెంటనే వెళ్లు.

చెప్పే వరుస కూడా ముఖ్యమే. మనం మొదట్నుంచి ఎత్తుకుంటాం: నిన్న సప్లయర్‌కి ఫోన్ చేశాను సార్, ఆయన ఊళ్లో లేడు, వాళ్ల బావమరిది ఎత్తాడు... అసలు సంగతి వచ్చేసరికి వినేవాళ్లకి ఓపిక అయిపోతుంది. ఇలా రాయి:

"ఫిక్చర్ (ముక్కను బిగించి పట్టే సాధనం) గురువారం సాయంత్రం 5కి పూర్తికాదు, శుక్రవారం ఉదయం 11కి అవుతుంది. దాని 40 పిన్నుల్లో 6 సైజు తేడా ఉన్నాయి, నేనే కొలిచాను. ఆ 6 మళ్లీ చేయిస్తున్నాను. మిగతా 34తో ఈరోజే ట్రయల్ మొదలుపెట్టవచ్చని అనుకుంటున్నాను. పెట్టమంటారా?"

ఇందులో "కొలిచాను" వేరు, "అనుకుంటున్నాను" వేరు. ఆ రెండూ కలగాపులగం చేస్తే నువ్వు నిజంగా కొలిచిందాన్ని కూడా నమ్మరు. ఇక చివరి ప్రశ్న చూడు, సోదాన్ అంటే అదే. "ఏం చేయమంటారు సార్?" అని ఉత్త చేతులతో వెళ్లకు, నీ ఆలోచన ఒకటి పట్టుకుని వెళ్లు.

జపాన్ వాళ్ల "హై"ని, అంటే "అవును"ని కూడా సరిగ్గా వినాలి. నువ్వు మాట్లాడుతున్నంతసేపూ "హై, హై" అంటారు. అది మన "ఊ, ఊ" లాంటిది. వింటున్నానని అర్థం, ఒప్పుకున్నానని కాదు. "కొంచెం కష్టమండీ" అన్నా, "ఆలోచించి చెబుతాం" అన్నా చాలాసార్లు కాదనే. ఇంట్లో నాన్న "చూద్దాంలే" అంటే మనకు తెలిసిపోయేది కదా, అలాగే. మనం తల అటూ ఇటూ ఊపితే వాళ్లకి అవునో కాదో తెలియదు, నోటితో చెప్పు.

నీకు బాగా పనికొచ్చేది "నెమవాషీ". ఇది తోటమాలి మాట. పెద్ద చెట్టును వేరే చోటికి మార్చాలంటే కొన్ని నెలల ముందే చుట్టూ తవ్వి కొన్ని వేళ్లు కోసి, చెట్టు మొదలు దగ్గర కొత్త పిల్లవేళ్లు పుట్టే దాకా ఆగుతారు. ఆఫీసులోనూ అంతే, మీటింగ్‌లో కొత్త ప్రతిపాదన హఠాత్తుగా పెట్టకూడదు. ఒక్క కాగితం మీద రాసుకుని ముందు ఎవరికి పని పెరుగుతుందో వాళ్ల దగ్గరికి వెళ్లు. పావుగంట చాలు. "బాగుందా?" అని అడగకు, "దీనివల్ల మీకు ఇబ్బంది ఎక్కడ?" అని అడుగు. చెప్పింది వాళ్ల ముందే రాసుకుని, మార్చాక మళ్లీ చూపించు. ఈ రెండోసారి వెళ్లడమే చాలామంది మానేస్తారు. అడిగి వదిలేస్తే అడగకపోవడం కంటే ఎక్కువ బాధపడతారు. క్వాలిటీ వాళ్లనో మెయింటెనెన్స్ వాళ్లనో మర్చిపోయావంటే మీటింగ్‌లో ఎవరూ ఎదురు చెప్పరు, నిశ్శబ్దంగా ఉంటారు. ఆ తర్వాత ఆ కాగితం ముందుకు కదలదు.

ఇక లైన్ మీద మన పిల్లలు. తెలుగు, తమిళం మాట్లాడే ఆపరేటర్లకీ జపాన్ సలహాదారుకీ మధ్య నువ్వుంటావు. "అర్థమైందా?" అని అడిగితే అందరూ అర్థమైందనే అంటారు. "ముందు ఏం చేస్తావో చేసి చూపించు" అను, తెలిసిపోతుంది. తప్పు జరిగినప్పుడు "ఎవడు చేశాడ్రా ఇది?" అన్నావంటే రేపటి నుంచి చెడిపోయిన ముక్క డబ్బా అడుగుకి పోతుంది, నీ కంటపడదు. టొయోటా ఉత్పత్తి పద్ధతిని తీర్చిదిద్దిన తాయీచీ ఓనో "ఎందుకు" అని ఐదుసార్లు అడగమన్నారు. ఆయన ఇచ్చిన ఉదాహరణే చెబుతా. మెషీన్ ఎందుకు ఆగింది? లోడు ఎక్కువై ఫ్యూజు పోయింది. లోడు ఎందుకు పెరిగింది? బేరింగ్‌కి నూనె చాలలేదు. ఎందుకు చాలలేదు? పంపు సరిగా తోడలేదు. పంపుకేమైంది? దాని షాఫ్ట్ అరిగింది. ఎందుకు అరిగింది? జల్లెడ లేక ఇనుప రజను లోపలికి పోయింది. ఐదు జవాబుల్లో ఒక్క మనిషి పేరూ లేదు చూడు! మొదటి జవాబు దగ్గరే ఆగితే ఫ్యూజు మారుస్తారు, మళ్లీ పోతుంది.

బాగా చేసినవాణ్ణి నలుగురిలో మెచ్చుకో, మందలించాల్సినవాణ్ణి పక్కకి పిలువు. ఎక్కడికైనా ఐదు నిమిషాలు ముందుండు.

ఈ ఉత్తరంతో చిన్న కార్డుల పెట్టె పంపుతున్నాను. విజిటింగ్ కార్డు ఇచ్చేటప్పుడు అక్షరాలు అవతలివాళ్లకి చదవడానికి వీలుగా తిప్పి రెండు చేతులతో ఇవ్వు, తీసుకున్నది అక్కడే ఒకసారి చదువు. మీటింగ్ అయ్యేదాకా బల్ల మీద వాళ్లు కూర్చున్న వరుసలోనే పెట్టుకుంటే పేర్లు తడబడవు. దాని మీద ఏమీ రాయకు, ప్యాంటు వెనక జేబులో పెట్టకు. పెట్టెలో రెండు అరలున్నాయి, పైది నీ కార్డులకి, కిందది వాళ్లవి.

అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు. చేరిన రోజు రాత్రి ఫోన్ చెయ్, మేలుకునే ఉంటాను.

ఇట్లు,
అక్క