బ్రీఫ్ తీసుకోవడంలో మేం చేసిన పొరపాటు, ఈ నెల నుంచి మా కొత్త పద్ధతి

మా దగ్గర వీడియోలు చేయించుకుంటున్న అందరికీ నమస్కారం. విజయవాడలో ఐదుగురం కలిసి నడుపుకుంటున్న చిన్న స్టూడియో మాది. ఈ నెల నుంచి బ్రీఫ్ తీసుకునే పద్ధతి, అంటే మీకు ఎలాంటి వీడియో కావాలో పని మొదలుపెట్టే ముందు తెలుసుకునే పద్ధతి, మారుస్తున్నాం. ఎందుకో దాచకుండా చెబుతాను.

పోయిన దసరాకి ఒక చీరల షాపువారికి యాడ్ చేశాం. ఫోన్లో వాళ్లు చెప్పింది ఇంతే: 30 సెకన్లు ఉండాలి, కొత్త చీరలు కనబడాలి, పండగ కళ రావాలి. షూట్ బాగా వచ్చింది, వాళ్లకీ నచ్చింది. ఫైల్ చేతికిచ్చాక తెలిసింది, అది థియేటర్లో వేయడానికని. థియేటర్లో వేసే యాడ్‌కి కూడా సినిమాకి లాగే సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి. అప్పటికి టైమ్ లేదు, పండగ దాటిపోయింది. "ఎక్కడ వేస్తారండీ?" అని మేం ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. థియేటర్ రూల్స్ చీరలు అమ్మేవాళ్లకి ఎలా తెలుస్తాయి? అడగాల్సింది మేమే. సగం డబ్బు వెనక్కి ఇచ్చాం. పోయిన సీజన్‌ని మాత్రం ఇవ్వలేకపోయాం, ఆ బాధ ఇంకా ఉంది.

ఆ తర్వాత కూర్చుని పాత పనులన్నీ తిరగేశాం. మాకు రకరకాలుగా వచ్చే బ్రీఫ్‌లన్నిటినీ మేం ఒకేలా తీసుకుంటున్నామని అప్పుడు అర్థమైంది.

ఏజెన్సీల నుంచి వచ్చే పీడీఎఫ్‌తో పెద్ద ఇబ్బంది లేదు. యూట్యూబ్‌కి అడ్డంగా 16:9, రీల్స్‌కి నిలువుగా 9:16, ఏ తేదీకి ఏది కావాలో అన్నీ రాసే ఉంటాయి. కష్టమల్లా "ఇలాంటిదే కావాలి" అంటూ వచ్చే లింక్‌తోనే. అందులో వాళ్లకి నచ్చింది రంగులా, నటించిన అమ్మాయా, వెనకాల వచ్చే పాటా? ఇప్పుడు ఆ వీడియోని వాళ్ల పక్కనే కూర్చుని, సౌండ్ తీసేసి ఒకసారి చూపిస్తున్నాం. చాలామంది సగంలోనే ఆపేసి "మాకు నచ్చింది పాటేనండీ" అంటున్నారు. సినిమా పాటని హక్కులు కొనకుండా మీ యాడ్‌లో పెట్టలేం కాబట్టి, ఆ సంగతి మొదటి రోజే తేలిపోతే ఇద్దరికీ మంచిది.

నాకు బాగా ఇష్టమైనవి వాయిస్ మెసేజ్‌లు. పచ్చళ్లు పెట్టే ఒక పెద్దావిడ ఆగస్టులో నాలుగు నిమిషాల మెసేజ్ పంపారు. "బాబూ, మామిడికాయ ముక్కలు కొడుతున్నట్టు, ఆవపిండి కలుపుతున్నట్టు చూపించాలి" అని మొదలైంది. ఆగస్టులో ఆవకాయ కాయ ఎక్కడ దొరుకుతుంది? కుదరదని చెప్పబోతూ మళ్లీ మొత్తం విన్నాను. మూడో నిమిషంలో, ఎవరితోనో మాట్లాడుతూ మధ్యలో అన్నట్టు, "అమెరికాలో పిల్లలున్నవాళ్లు నూనె కారుతుందేమోనని భయపడి పార్సిల్ ఆర్డర్ పెట్టట్లేదు" అన్నారు. అసలు బ్రీఫ్ అదీ. మామిడికాయల జోలికే పోలేదు. ఆవిడ డబ్బా మూత బిగించి, సీలు వేసి, కవర్లో చుట్టి, డబ్బాని తలకిందులుగా పట్టుకుని ఊపుతుంటే ఒక్క చేతుల మీదే కెమెరా పెట్టి తీశాం.

ఇంకొకటుంది. బ్రీఫ్ కొడుకు ఇస్తాడు, పూర్తయ్యాక తండ్రి చూసి "మన షాపు బోర్డు ఏదిరా?" అంటారు. ఆయన అడిగింది న్యాయమే. ఆ మాట మొదట్లోనే మా చెవిన పడి ఉండాల్సింది.

అందుకని ఇక నుంచి మీరు ఫోన్లో చెప్పినా, లింక్ పంపినా, కాగితం ఇచ్చినా, మేం విన్నదాన్ని తెలుగులో ఒక పేజీ రాసి మీకు చదివి వినిపిస్తాం. వీడియో ఎవరు చూడాలి, చూసి ఏం చేయాలి, ఎక్కడ వేస్తారు, ఎప్పటికి కావాలి, ఆఖరి మాట ఎవరిది అన్నవి అందులో ఉంటాయి. ఆఖరి మాట చెప్పేవాళ్లు సరే అన్నాకే అడ్వాన్స్ తీసుకుంటాం. ఆ పేజీకి డబ్బులేం లేవు. అందులో ఉన్నది వీడియోలో లేకపోతే ఎన్నిసార్లైనా ఉచితంగా సరిచేస్తాం. పేజీలో లేనిది కొత్తగా అడిగితే మాత్రం ఖర్చు ఎంతవుతుందో ముందే చెప్పి, మీరు ఒప్పుకుంటేనే చేస్తాం.

ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకి ఈ వారంలో మేమే ఫోన్ చేసి ఆ పేజీ రాసుకుంటాం. దసరాకి థియేటర్లో యాడ్ వేయాలనుకునేవాళ్లు దయచేసి ఆగస్టు మొదట్లోనే చెప్పండి, సర్టిఫికెట్ పని ముందే మొదలుపెడదాం.