ఓపికతో పరుగెత్తుదము
ప్రియమైన సహోదరీ సహోదరులకు ప్రభువు నామమున వందనాలు. హెబ్రీ పత్రిక 12వ అధ్యాయం మనలను వేగంతో కాదు, ఓపికతో పరుగెత్తమంటోంది. 1968 మెక్సికో సిటీ ఒలింపిక్ మారథాన్‌లో టాంజానియాకు చెందిన జాన్ స్టీఫెన్ అఖ్వారి దారిలో పడి మోకాలికి తీవ్రంగా గాయమైనా, కాలికి కట్టు కట్టించుకుని, చీకటి పడ్డాక, ప్రేక్షకులు చాలామంది వెళ్లిపోయిన స్టేడియంలోకి కుంటుతూ వచ్చి, విజేత కంటే గంటకు పైగా ఆలస్యంగా పరుగు పూర్తి చేశారు. వదులై వేలాడుతున్న ఆ కట్టు నా కళ్లముందే ఉంటుంది. 42 కిలోమీటర్ల పరుగులో అసలు కష్టం, ఒంట్లోని శక్తి నిల్వలు అడుగంటే 30 కిలోమీటర్ల తర్వాతే మొదలవుతుంది. బాప్తిస్మం నాటి ఉత్సాహం చల్లబడిన సంవత్సరాలు కూడా అటువంటివేనని నా నమ్మకం. కూడికలకు రావడం మానేసిన మనవారికి దయచేసి ఆదివారంలోగా ఫోన్ చేసి, వారితో కలిసి ప్రార్థించండి.