పడుకున్నవాళ్లకు కిటికీలోంచి ఏం కనబడుతోంది?

సంపాదకుడు గారికి నమస్కారం.

ప్రకృతిలో గడిపితే మనసుకు ఏమవుతుందో పరిశోధకులు చెప్పిన సంగతుల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. వారానికి 120 నిమిషాలు చెట్ల మధ్య గడపమని చెప్పి, పక్కన లక్నవరం చెరువు మీది వేలాడే వంతెన ఫొటో వేశారు. ఫొటో బాగుంది, కాదనను. కాకపోతే లక్నవరం దాకా పోగలిగిన మనిషికి సగం జబ్బు తగ్గిపోయినట్టే లెక్క. నా సర్వీసంతా సర్జికల్ వార్డుల్లో గడిచింది. మంచం దిగలేనివాళ్ల గురించి ఆ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేకపోయేసరికి ఈ ఉత్తరం రాయాలనిపించింది.

ఆ 120 నిమిషాల లెక్క 2019లో ఇంగ్లండ్ నుంచి వచ్చింది. దాదాపు 20 వేల మందిని అడిగి తేల్చారు. రెండు గంటలూ ఒకేసారి గడిపినా, వారమంతా కొంచెం కొంచెంగా గడిపినా ఒకటేనట. అయితే ఒంట్లో బాగున్నవాళ్లే బయట ఎక్కువ తిరుగుతారు కదా, తిరగడం వల్లే బాగున్నారని ఎట్లా అంటాం? ఇది నా ఒక్కదాని అనుమానం కాదు, ఆ పరిశోధకులే తమ పత్రంలో రాసుకున్నారు. మీ వ్యాసంలో ఆ మాట జారిపోయింది.

ఆసుపత్రులు నడిపేవాళ్లు చదవాల్సిన పరిశోధన ఇంకొకటి ఉంది. రోజర్ ఉల్రిక్ అనే ఆయన 1984లో 'సైన్స్' పత్రికలో రాసింది. మొత్తం రెండు పేజీలే. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రి. గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయినవాళ్లను ఉంచే గదులన్నీ ఒకే తీరుగా ఉండేవి. కొన్ని కిటికీల్లోంచి చెట్లు కనబడేవి, కొన్నింట్లోంచి ఇటుక గోడ. 1972 నుంచి 1981 దాకా ఉన్న రికార్డులు తీసి, వయసు, ఆడ మగ, పొగతాగే అలవాటు, ఒంటి లావు లాంటివన్నీ చూసి 23 జతలు కట్టారు. చెట్లకు ఆకులుండే మే–అక్టోబరు మధ్య కేసులనే తీసుకున్నారు. చెట్ల వైపువాళ్లు ఆపరేషన్ తర్వాత సగటున 7.96 రోజుల్లో ఇంటికి పోతే, గోడ వైపువాళ్లకు 8.70 రోజులు పట్టింది. నొప్పి ఎక్కువగా ఉండే రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా గోడ వైపువాళ్లు వాడిన గట్టి పెయిన్ మందులు రెండున్నర రెట్లు.

అంకెలు సరే, నన్ను పట్టుకున్నది వేరు. ఉల్రిక్ నర్సుల నోట్స్ కూడా లెక్క పెట్టాడు! 'బాధపడుతూ ఏడుస్తోంది', 'చాలా ధైర్యం చెప్పాల్సి వస్తోంది' అని నర్సులు కేస్ షీట్లో రాసిన మాటలు గోడ వైపు మనిషికి సగటున 3.96, చెట్ల వైపు 1.13. ఆ రికార్డులు తిరగేసి వివరాలు రాసిచ్చింది కూడా సర్జికల్ వార్డుల్లో ఎంతో అనుభవమున్న ఒక నర్సే. ఏ పేషెంటు కిటికీలోంచి ఏం కనబడేదో ఆమెకు చెప్పలేదు. మా దగ్గర డ్యూటీలో సగం టైం రాయడానికే పోతుంది. పేషెంటు డిశ్చార్జి అయ్యాక ఆ కాగితాలను కట్టలు కట్టి రికార్డు రూములో పడేస్తారు. కోర్టు కేసు అయితే తప్ప మళ్లీ ఎవరూ ముట్టరు. అట్లాంటి రాతల్లోంచి ఇంత సంగతి బయటపడిందంటే నాకు భలే సంతోషం వేసింది.

నేను చాలాకాలం పనిచేసిన ఒక వార్డు మొదటి అంతస్తులో ఉండేది. తూర్పు వైపు పెద్ద యాప చెట్టు, కొమ్మలు కిటికీ ఊచలకు తగిలేవి. ఫ్యానేమో వార్డు నడుమ. అయినా అందరికీ ఆ కిటికీ కాడి మంచమే కావాలి. పరకాల వైపు నుంచి హెర్నియా ఆపరేషన్‌కు వచ్చిన ఒక పత్తి రైతు, పక్క పేషెంటు డిశ్చార్జి మాట వినబడగానే, "సిస్టరమ్మా, ఆ మంచం నాకే ఇయ్యాలె, ఎవ్వరికీ ఇయ్యద్దు" అని నా వెంట పడ్డాడు. ఇచ్చాక చూడాలి ఆయన హడావుడి. డాక్టరు గారు రౌండ్స్‌కు వచ్చి నొప్పి ఎట్లుందని అడిగితే, "మొగులు పట్టింది సారూ, మావోళ్లు గింజలు పెట్టిండ్రో లేదో" అనేవాడు. కుట్ల సంగతి అడిగితే వాన సంగతి చెప్పేవాడు. వార్డు మొత్తానికి వాతావరణ వార్తలు ఆయనవే.

తర్వాత ఆ చెట్టు కొట్టేశారు. ఎందుకంటే స్టాఫ్ బండ్లకు నీడ కావాలని! నీడ కోసం చెట్టు కొట్టి రేకుల షెడ్డు వేసినవాళ్లను ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. మధ్యాహ్నం ఆ కొత్త రేకుల మీద ఎండ పడి వార్డులో కళ్లు జిగేల్‌మనేవి. అటెండెంట్లు ఊచలకు టవల్ కట్టారు. టవల్ కడితే ఇన్‌స్పెక్షన్‌లో బాగుండదని కొన్నాళ్లకు అద్దాలన్నిటికీ తెల్ల పెయింటు పూయించారు. దాంతో కిటికీ కాడి మంచం అడిగేవాళ్లు లేకుండా పోయారు. పెయిన్ ఇంజెక్షన్లు పెరిగాయా అంటే, ఎవరు లెక్క పెట్టారు గనక? ఇప్పుడైనా పెట్టొచ్చు. కేస్ షీట్లో బెడ్ నంబరు ఉంటుంది, మందులు ఉంటాయి, డిశ్చార్జి తేదీ ఉంటుంది. మన వరంగల్ నర్సింగ్ విద్యార్థినులు ప్రాజెక్టు అంటూ ప్రతి ఏడూ అవే ప్రశ్నాపత్రాలు పట్టుకుని వార్డుల వెంట తిరుగుతుంటారు. ఇదొకటి చేస్తే పనికొస్తుంది.

చెట్టు కనబడితే చాలు, రోగం పోతుందని నేను అనడం లేదు. 46 మందితో చేసిన అధ్యయనం అది. పైగా అక్కడ చెట్లకు పోటీ బోసి ఇటుక గోడ. రోడ్డూ జనమూ కనబడే కిటికీకి ఇదే మాట వర్తిస్తుందని చెప్పలేమని, చాలాకాలం మంచాన ఉండి విసిగిపోయినవాళ్లకు అదే నయం కావొచ్చని ఉల్రిక్ కూడా రాశాడు. ఆ మాట నిజమే. కాలు విరిగి, కాలికి బరువు కట్టి వారాల తరబడి ట్రాక్షన్‌లో పడి ఉండే కుర్రాళ్లు మా దగ్గర రోడ్డు వైపు మంచాలకు కొట్లాడేవాళ్లు.

నర్సుల గురించి కూడా ఒక మాట. మిషిగన్ యూనివర్సిటీలో 2008లో మార్క్ బర్మన్, స్టీఫెన్ కాప్లాన్ వాళ్లు విద్యార్థుల్లో కొందరిని చెట్ల తోటలో, కొందరిని ఊరి నడుమ రోడ్ల మీద ఓ గంట లోపు నడిపించారు. అంకెలు చదివి వెనక నుంచి అప్పజెప్పమంటే తోటలో నడిచొచ్చినవాళ్లు మెరుగ్గా చెప్పారు. గడ్డకట్టే జనవరి చలిలో, ఇష్టం లేకుండా నడిచినవాళ్లకూ అంతే ఫలితం. నైట్ డ్యూటీలో తెల్లవారుజామున ఇంజెక్షన్ సీసా మీద డోసు రెండుసార్లు, మూడుసార్లు చదువుకునే టెన్షన్ మాకు తెలుసు. అట్లాంటి మనుషులకు ఇచ్చే డ్యూటీ రూముకు చాలాచోట్ల కిటికీయే ఉండదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మన వరంగల్ పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రి కట్టడం మొదలుపెట్టారు. దాని గురించి ఎన్ని అంతస్తులు, ఎన్ని పడకలు, ఎన్ని కోట్లు అన్న వార్తలే చదువుతున్నాం. పడక మీద ఉన్న మనిషికి ఏం కనబడుతుందని అడిగినవాళ్లు లేరు. మీ విలేకరులు అడగాలని నా కోరిక. ఏ మంచం ముఖం ఎటు? కిటికీ గడప ఎంత ఎత్తులో ఉంది? పక్క బ్లాకు గోడ, ఏసీ డబ్బాలు ఎవరి కంటికి ఎదురుగా వస్తాయి? నిలబడి చూసి ఓకే అనేస్తే కుదరదు. ఇంజనీరు గారు తలగడ పెట్టుకుని వెల్లకిలా పడుకుని చూడాలి. మొక్కలు కూడా మంత్రి గారు కారు దిగే గేటు దగ్గర కాకుండా వార్డుల వైపు నాటాలి.

కొత్తది ఎట్లున్నా, పాత వార్డుల్లో అద్దాలకు పూసిన పెయింటు మాత్రం రేపే గీకించొచ్చు. కింది అంతస్తులో ఆడవాళ్ల వార్డుకు చాటు కావాలంటారా, కావాల్సిందే. అద్దం కింది సగం అట్లాగే ఉంచి పైసగం గీకితే చాలు. పడుకున్నవాళ్లకు ఎట్లాగూ పైసగమే కనబడుతుంది.

— ఒక రిటైర్డ్ హెడ్ నర్సు,
హనుమకొండ