లోపం నాటికలో కాదు, ఇచ్చిన వేళలో ఉంది

సంపాదకుడు గారికి,

నమస్కారం. మన బెంగళూరులో జరిగిన కొత్త గొంతుల నాటకోత్సవం మీద పోయిన వారం మీ నగర పేజీలో వచ్చిన సమీక్ష చదివాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. పౌరకార్మికుల, అంటే వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల, కాలనీ ఆడవాళ్లు ఆడిన తెలుగు నాటికలో విషయం గట్టిదే గానీ ముఖాలు కనబడలేదనీ, డప్పు మోతలో మాటలు మునిగిపోయాయనీ, కన్నడ అనువాదం తెర మీద ముందూ వెనకా అయిందనీ మీ సమీక్షకులు రాశారు. జరిగింది జరిగినట్టే రాశారు. కానీ దానికి కారణం నటించినవాళ్లకు అనుభవం లేకపోవడమేనని తేల్చేశారే, అక్కడే అన్యాయం. ఆ మూడింటిలో ఒక్కటి కూడా ఆ ఆడవాళ్ల చేతిలో ఉన్నది కాదు.

ఒక్కో బృందానికి వేదిక మీద దొరికింది ప్రదర్శనకు ముందు 20 నిమిషాలు. ముందు బృందం సామాను తీసేదీ, వీళ్లు పెట్టుకునేదీ, లైట్లు చూసుకునేదీ అంతా అందులోనే. 40 నిమిషాల నాటికలో 30 లైటు క్యూలు, అంటే వెలుగు మారే సందర్భాలు, ఉన్నాయనుకుందాం. ఒక్కో క్యూ దగ్గర ఆగి, మనిషి ఎక్కడ నిలబడుతుందో చూసి, వెలుగు సరిచేసి, లైట్ల బోర్డులో సేవ్ చేసుకుంటూ పోవడానికి రెండు గంటలకు తక్కువ పట్టదు. అదీ లైట్లు అప్పటికే కట్టి, ఫోకస్ చేసి ఉంటే. రోజుకు నాలుగు నాటికలు పెట్టేవాళ్లు అందరికీ పనికొచ్చే లైట్లు ముందు రోజే కట్టెయ్యాలి. వేదికను ఆరు భాగాలు చేసుకుని, ఒక్కో భాగానికి ముందు నుంచి సుమారు 45 డిగ్రీల వాలులో రెండు లైట్లు, వెనక నుంచి ఒకటి. వాటికి తోడు ఒక్కో బృందానికి సొంతంగా మూడో నాలుగో స్పెషల్స్, అంటే ఆ నాటికకే ప్రత్యేకంగా కట్టే లైట్లు. ఆ పటం కాగితం మీద గీసి రెండు వారాల ముందే అందరికీ పంపాలి. ఒక్కో షోను బోర్డులో విడిగా సేవ్ చెయ్యాలి, లేదంటే తర్వాత వచ్చినవాళ్ల క్యూలు దాని మీదే పడి మొదటివాళ్లవి చెరిగిపోతాయి.

ఇవేవీ జరగలేదు. నెత్తి మీద వేలాడే లైట్లు వేసి వదిలేశారు. వెలుగు నడినెత్తిన పడితే కనుబొమ్మల నీడ కళ్లను కప్పేస్తుంది. నల్ల తెర ముందు నల్లని మనిషి నిలబడినప్పుడు వెనక నుంచీ పక్క నుంచీ వెలుగు లేకపోతే ముఖం తెరలో కలిసిపోతుంది. ఇది లైటింగులో మొదటి పాఠం. ఆ పాఠం తప్పింది వేదిక మీద ఉన్నవాళ్లు కాదు.

ఇక డప్పు. దానికి వేసేది తోలు. సెగ చూపిస్తేనే బిగిసి పలుకుతుంది. ఏసీ హాల్లో కాసేపు ఉంచితే చల్లబడి, సడలి, మొద్దుగా మోగుతుంది. అప్పుడు వాయించేవాళ్లు తెలియకుండానే ఇంకా బలంగా కొడతారు. హాల్లో మంట పెట్టనివ్వరు, అది సరైన నిబంధనే. అందుకే బయట ఆవరణలో ఒక మూల చూపించి, పక్కన ఇసుక బకెట్టూ నీళ్ల బకెట్టూ పెట్టి, ప్రవేశానికి పావుగంట ముందు కాచుకోనివ్వాలి. రెండో డప్పు కూడా సిద్ధంగా ఉండాలి. డప్పుకు మైకు అక్కర్లేదు. వేదిక అంచున నేల మీద పెట్టిన మైకుకు రెండడుగుల దూరంలో డప్పులవాళ్లను నిలబెడితే, ఆ మైకు పట్టేది డప్పునే గానీ నటి మాటను కాదు. వాళ్లను వింగ్ వైపు, అంటే వేదిక పక్క తెరల వైపు, జరపాలి, డప్పు మోగేటప్పుడు ఆ మైకు శబ్దం తగ్గించే మనిషి సౌండు బోర్డు దగ్గర ఉండాలి. ఎప్పుడు తగ్గించాలో తెలియడానికి ఆ మనిషి ఒక్కసారైనా నాటిక మొత్తం విని ఉండాలి కదా!

అనువాదం సంగతీ అంతే. స్లయిడ్లు మార్చే కుర్రాడికి తెలుగు రాదు. నటి మాట అనకముందే తెర మీద పడితే నవ్వు ముందే పేలిపోయి అసలు మాట ఎవరికీ వినబడదు. స్లయిడుకు రెండు వరుసలు మించకూడదు, మౌనం ఉన్నచోట ఖాళీ స్లయిడు ఉండాలి, మార్చే మనిషి రెండు భాషలూ తెలిసి రిహార్సల్‌కు వచ్చిన మనిషి కావాలి. ఖాళీ స్లయిడు వేసినా ప్రొజెక్టరు నుంచి బూడిద రంగు వెలుగు కారుతూనే ఉంటుంది. చీకటి సీన్లలో దాని ముందు అట్టముక్క అడ్డం పెట్టే ఏర్పాటైనా చెయ్యలేదు.

వేళ లేదంటారా? ఆరు గంటలకు మొదలవ్వాల్సిన ప్రారంభోత్సవం ఏడున్నర దాకా సాగింది. ముఖ్య అతిథులు ఆలస్యంగా వచ్చారు, జ్యోతి వెలిగించారు, శాలువాలు కప్పుకున్నారు, అణగారిన వర్గాల గొంతుల గురించి మాట్లాడారు. ఆ గొంతులు మేకప్ వేసుకుని గ్రీన్ రూమ్‌లో కూర్చున్నాయి. 2004లో మొదలైన రంగశంకర అనే ఇక్కడి నాటకశాలలో నాటకం మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వరు. ఈ ఊరి ప్రేక్షకులు దానికి అలవాటు పడ్డారు. అతిథులు ఎందుకు పడలేరు?

ఉత్సవానికి నాటికల ఎంపిక దగ్గరే చిక్కు మొదలవుతోంది. కథాసారం ఇంగ్లీషులో కావాలి, మంచి వీడియో కావాలి, సంస్థ రిజిస్ట్రేషన్ కావాలి, సంస్థ పేరున బ్యాంకు ఖాతా కావాలి. ఖర్చులు బిల్లులు చూపించాక ఇస్తారు. తెల్లవారకముందే చీపురు పట్టేవాళ్లకు లైట్లూ సౌండూ సరిచూసుకునే టెక్నికల్ రిహార్సల్ సాయంత్రం ఎనిమిదికి పెట్టినా ఉపయోగం లేదు, మధ్యాహ్నం డ్యూటీ దిగాక పెట్టాలి. సగం పారితోషికం ముందే చేతికివ్వాలి. బెంగళూరు పౌరకార్మికుల్లో ఎంతోమంది ఇంటి భాష తెలుగే. అయినా మన తెలుగు సంఘాలు ఉగాదికి పద్యాలు పాడించుకుని సరిపెట్టుకుంటున్నాయి గానీ, ఈ నాటికకు ఒక సౌండు మనిషిని పంపుదామన్న ఆలోచన ఎవరికీ రాలేదు. స్త్రీ పాత్రలు స్త్రీలే వెయ్యాలని పట్టుబట్టిన నటుడు బళ్లారి రాఘవ పేరును ప్రతి సభలోనూ తలుచుకునే సంఘాలివి. తెర వెనక పనికి ఎంత వేళ, ఎంతమంది మనుషులు కావాలో సురభి నాటక కుటుంబాల వాళ్లను చూసినవాళ్లకు తెలియనిది కాదు.

ప్రభుత్వ రంగమందిరాల పరిస్థితి మరీ ఘోరం. వెలుగు పెంచే తగ్గించే డిమ్మర్లు ఎన్ని పనిచేస్తున్నాయో, లైట్లు కట్టే బార్లు ఎన్నున్నాయో, వేదిక లోతెంతో చెప్పే ఒక్క కాగితం అడిగినా దొరకదు. అద్దె రశీదు మాత్రం వెంటనే ఇస్తారు. డబ్బున్న బృందం సొంత లైట్లు అద్దెకు తెచ్చుకుని గట్టెక్కుతుంది. లేనివాళ్లు చీకట్లో ఆడి, అనుభవం లేనివాళ్లన్న పేరు మోస్తున్నారు.

వచ్చే ఏడాది దరఖాస్తులు పిలిచేటప్పుడే ఒక్కో బృందానికి ఎన్ని గంటల టెక్నికల్ రిహార్సల్ ఇస్తారో, ఏ లైట్లు ఇస్తారో, డబ్బు ఏ రోజు ఇస్తారో నిర్వాహకులు రాతపూర్వకంగా ప్రకటించాలి. దరఖాస్తు తెలుగులో, కన్నడలో, తమిళంలో, ఉర్దూలో తీసుకోవాలి, చదవడం రాయడం రానివాళ్లు నోటితో చెప్పినా రాసుకోవాలి. మీ సమీక్షకులు కూడా ఇకమీదట ముఖాలు కనబడలేదని రాసేముందు, ఆ బృందానికి వేదిక మీద ఎంతసేపు దొరికిందో అడిగి అదీ రాయాలని కోరుతున్నాను.

— రంగస్థల సాంకేతిక విభాగంలో పనిచేసే ఒక పాఠకుడు, బెంగళూరు