టైప్-సి ఉంటే చాలదు: లాప్‌టాప్ పెట్టె మీద రాయాల్సిన సంగతి

సంపాదకులకు నమస్కారం.

నేను గుంటూరులో పన్నుల లెక్కలు చూసే చిన్న ఆఫీసు నడుపుతున్నాను. ప్రతి నెలా 14వ తేదీన జీఎస్టీ పోర్టల్‌లో 2బి, అంటే అమ్మినవారు చూపిన బిల్లుల పట్టిక, తయారవుతుంది. నెలవారీ రిటర్నులు వేసేవారు 20లోగా 3బి అనే రిటర్ను దాఖలు చేయాలి. ఆ మధ్య రోజుల్లో 2బిలో కనిపించే ప్రతి కొనుగోలు బిల్లునూ ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించిన బిల్లుతో సరిచూడడమే మా పని. ఒకే చిన్న తెర మీద అయితే ఒక విండోలో బిల్లు నంబరు చూసి, అది మరిచిపోకుండా నోట్లో జపం చేసుకుంటూ రెండో విండోకు మారి వెతకాలి. 2బి ఒక తెర మీద, ట్యాలీ మరో తెర మీద పక్కపక్కన ఉంటే ఈ జపం తప్పుతుంది. అందుకే రెండు మానిటర్లు కొన్నాను. పగలు వ్యాపారుల కొట్లకు లాప్‌టాప్ పట్టుకెళ్లి సాయంత్రం ఆఫీసుకు వచ్చే మనిషిని కనుక, వచ్చిన ప్రతిసారీ అయిదారు వైర్లు గుచ్చుకునే బదులు ఒక్క వైరుతో అన్నీ కలిసిపోతాయని, మానిటర్లు, కీబోర్డు, మౌస్ అన్నీ గుచ్చి ఉంచే డాకింగ్ స్టేషన్ (డాక్) అనే పరికరం కూడా కొన్నాను. ఆ కొనుగోలులో నాకు ఎదురైనదే ఈ ఉత్తరానికి కారణం.

డాక్ పెట్టె మీద రెండు మానిటర్ల బొమ్మ ఉంది, రెండు హెచ్‌డిఎంఐ రంధ్రాలు ఉన్నాయి. కొట్టాయనను అడిగితే, "మీ లాప్‌టాప్‌కు టైప్-సి ఉంది కదా సార్, ఇంకేం చూడక్కర్లేదు" అన్నారు. ఆఫీసుకు తెచ్చి తగిలించాను. కీబోర్డు పనిచేసింది, మౌస్ పనిచేసింది, ఇంటర్నెట్ వైరు కూడా పనిచేసింది. మానిటర్లు రెండూ మాత్రం సిగ్నల్ లేదని చెప్పి నిద్రపోయాయి. కేబుల్ మార్చాను, హెచ్‌డిఎంఐ రంధ్రాలు మార్చాను, లాప్‌టాప్ ఆపి మళ్లీ వెలిగించాను. చివరికి మా దగ్గర పనిచేసే కుర్రాడు తన లాప్‌టాప్ తెచ్చి అదే వైరు తగిలించాడు. మూడు సెకన్లలో రెండు తెరలూ వెలిగాయి. "డాక్ బాగానే ఉందండీ, మీ పోర్టే బొమ్మ పంపడం లేదు" అన్నాడు. కళ్లజోడు సవరించుకుని ఫోన్ టార్చి వేసి చూస్తే, నా లాప్‌టాప్ రంధ్రం పక్కన త్రిశూలం లాంటి యుఎస్‌బి గుర్తు ఒక్కటే ఉంది. అతని దాని పక్కన డి అక్షరంలో పి ఇమిడినట్టుండే గుర్తు, అంటే తెరకు బొమ్మ పంపే డిస్‌ప్లేపోర్ట్ పద్ధతి గుర్తు, కూడా ఉంది. బియ్యపు గింజంత ఆ గుర్తు మీదే నా డబ్బు ఆధారపడి ఉందన్న సంగతి కొనేటప్పుడు నాకు చెప్పినవారు లేరు.

పాత రోజుల్లో ఈ ఇబ్బంది ఉండేది కాదు. 1992లో ఆపిల్ తెచ్చిన డ్యుయో డాక్‌లోకి లాప్‌టాప్‌నే వీడియో క్యాసెట్‌లా తోసేవారు. ఆ తరువాత ఆఫీసు లాప్‌టాప్‌లకు అడుగు భాగాన తగిలించే డాక్‌లు వచ్చాయి. ఒక కంపెనీది మరో కంపెనీదానికి పట్టేది కాదు. అది లోపమే అయినా, పట్టనిది పట్టనట్టే కనిపించేది. 2014లో టైప్-సి వచ్చాక అన్నీ పడుతున్నాయి, కానీ పట్టినవన్నీ పనిచేయడం లేదు. ఆ రంధ్రం ఆకారానికీ దాని వెనుకనున్న సత్తాకూ సంబంధం లేదు. ఒకచోట అది సెకనుకు 480 మెగాబిట్ల పాత యుఎస్‌బి 2 మాత్రమే కావచ్చు. మరొకచోట 40 గిగాబిట్ల థండర్‌బోల్ట్ 4 కావచ్చు. మామూలు టైప్-సిలో బొమ్మ పంపడం, లాప్‌టాప్‌ను చార్జి చేయడం అన్నవి తయారీదారు ఇష్టమైతే పెట్టే సదుపాయాలే గాని తప్పనిసరి కావు. నా లాప్‌టాప్ వివరాల పత్రంలో ఉన్నది 'యుఎస్‌బి 3.2 జెన్ 1 టైప్-సి' అన్న ఒక్క మాట. ఆ మాటకు అర్థం 5 గిగాబిట్లని తరువాత తెలిసింది. అదే వేగాన్ని మొదట యుఎస్‌బి 3.0 అన్నారు, ఆ తరువాత 3.1 జెన్ 1 అన్నారు, ఆపైన ఇలా 3.2 జెన్ 1 అన్నారు. రేషన్ కార్డులో ఇన్నిసార్లు పేరు మారిస్తే మన తహశీల్దారు ఊరుకుంటారా?

బొమ్మ పంపే రంధ్రం ఉన్నా కథ అక్కడితో అయిపోదు. టైప్-సి లోపల వేగంగా సమాచారం పంపే దారులు నాలుగుంటాయి. కృష్ణా కాలువకు నాలుగు తూములున్నాయనుకుంటే, మామూలు డాక్ చాలావరకు రెండు తూముల్ని బొమ్మకు వదిలి, మిగిలిన రెంటిని పెన్‌డ్రైవ్‌లకూ ఇంటర్నెట్‌కూ అట్టేపెడుతుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.2తో పనిచేసే లాప్‌టాప్ అయితే ఆ రెండు తూముల్లో వచ్చే 8.64 గిగాబిట్లు రెండు మామూలు 1080పి తెరలకు హాయిగా సరిపోతాయి. 1080పి కన్నా నాలుగు రెట్లు చుక్కలుండే 4కె మానిటర్ ఒకటి పెడితే మాత్రం సెకనుకు 60 సార్లు మారాల్సిన బొమ్మ 30 సార్లకు పడిపోతుంది. మౌస్ బాణం నీళ్లలో ఈదినట్టు వెనకపడుతూ ఉంటే ఆ యజమాని మౌస్‌ను మారుస్తాడు, మానిటర్‌ను తిడతాడు. తప్పు తూముల దగ్గర ఉందని అతనికి తోచదు. పెట్టె మీద '4కె' అన్న మాట ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటుందో, '30 హెర్ట్జ్' (సెకనుకు 30 సార్లు) అన్న మాట అంత చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఉంటే.

ఒకే వైరులో రెండు తెరల బొమ్మలను కలిపి పంపే ఎంఎస్‌టి అనే పద్ధతి డిస్‌ప్లేపోర్ట్‌లో 2010 నుంచే ఉంది. విండోస్ దాన్ని వాడుకుంటుంది. మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం ఆ పద్ధతిలో రెండు వేర్వేరు తెరలను ఇవ్వదు. ఎంఎస్‌టి డాక్ తగిలిస్తే రెండు మానిటర్ల మీదా ఒకే బొమ్మ వస్తుంది. పైగా ఎం1, ఎం2 చిప్పుల ఆపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్ లాప్‌టాప్ బయట ఒక్క మానిటర్‌నే నడుపుతుంది. 2024లో వచ్చిన ఎం3 ఎయిర్ మూత మూస్తే రెండింటిని నడుపుతుంది. ఎం4 ఎయిర్‌కు మూత మూయాల్సిన పని లేదు. ఈ సంగతి ఆ కంపెనీ తన వివరాల పట్టికలో ఎన్ని తెరలో అంకె వేసి రాస్తుంది. నేను కోరుకునేది కూడా ఇలాంటి అంకే, కానీ వెబ్‌సైట్ లోతుల్లో కాక పెట్టె మీద.

ఇక డిస్‌ప్లేలింక్ అనే మరో దారి ఉంది. బొమ్మను లాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్ కుదించి మామూలు సమాచారంలా పంపితే, డాక్‌లోని చిప్పు విప్పి తెర మీద వేస్తుంది. నాలాంటి రంధ్రమున్నవారికి ఇదే దిక్కు. లెక్కల పట్టికలకు ఏ లోటూ లేదు, నేను రోజూ వాడుతున్నాను. అయితే దానికి డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్‌లో సొంతంగా ఏదీ ఎక్కించే అనుమతి లేని ఉద్యోగులు ఇంటి నుంచి పనికని ఇలాంటి డాక్ కొంటే ఐటీ విభాగం అనుమతి కోసం ఎదురుచూడాల్సిందే. కాపీరైట్ రక్షణ ఉన్న సినిమాలకు కొన్నిసార్లు ఆ తెర నల్లగా మారడమూ ఉంది. ఏ డాక్ ఏ దారిలో పనిచేస్తుందో పెట్టె పైన చూసి చెప్పడం కొట్టాయనకూ కష్టమే. అందుకే "పెట్టె విప్పాక వాపసు లేదండీ" అన్న ఆయన మీద నాకు కోపం రాలేదు. చదవడానికి ఆయన చేతిలోనూ ఉన్నది ఆ పెట్టే కదా.

కరెంటు సంగతి కూడా రెండు మాటల్లో చెప్పాలి. 100 వాట్లు అని రాసిన హబ్ అనే చిన్న డాక్‌కు 100 వాట్ల చార్జర్ తగిలిస్తే అందులో కొంత హబ్ తన ఖర్చుకు ఉంచుకుని మిగిలినదే లాప్‌టాప్‌కు ఇస్తుంది. ఫోన్‌తో వచ్చిన టైప్-సి వైరు సాధారణంగా చార్జింగ్‌కూ నెమ్మది వేగానికీ తప్ప బొమ్మకు పనికిరాదు. సొంత అడాప్టర్ ఉన్న డాక్‌ను యూపీఎస్ మీద పెట్టుకోవడం మరవకూడదు. మానిటర్లను యూపీఎస్‌కు, డాక్‌ను గోడ ప్లగ్గుకు తగిలిస్తే, 19వ తేదీ రాత్రి కరెంటు పోయినప్పుడు వెలుగుతూనే నల్లబడ్డ రెండు తెరల ముందు కూర్చోవాల్సిందే.

ఇప్పుడు నా విన్నపం. ప్యాక్ చేసిన వస్తువు మీద గరిష్ఠ ధర, తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా, నెల, సంవత్సరం, ఫిర్యాదు చేయాల్సిన చోటు ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నియమాలు చెబుతున్నాయి. వస్తువు నాణ్యత, ప్రమాణం తెలుసుకునే హక్కు కొనుగోలుదారుకు ఉందని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. ఫ్రిజ్ కొనేవాడికి కరెంటు లెక్క తెలియకపోయినా నక్షత్రాలు లెక్కపెట్టుకునే వీలు కల్పించాం. 2023 జనవరిలో భారతీయ ప్రమాణాల సంస్థ టైప్-సికి భారతీయ ప్రమాణాన్ని ప్రకటించింది. మంచిదే, వైర్ల మోత తగ్గుతుంది. కానీ అందరికీ ఒకే రంధ్రం పెట్టమన్నప్పుడు ఆ రంధ్రం ఏం చేయగలదో రాయమనడం కూడా ఆ పనిలో భాగం కావాలి. ఐరోపా సమాఖ్య 2022లో చేసిన ఉమ్మడి చార్జర్ చట్టం 2024 డిసెంబర్ 28 నుంచి ఫోన్లకు వర్తించింది, లాప్‌టాప్‌లకు గడువు 2026 ఏప్రిల్ 28గా పెట్టింది. పరికరానికి కనీసం, గరిష్ఠంగా ఎన్ని వాట్లు కావాలో తెలిపే చీటీ ఉండాలని కూడా ఆ చట్టం నిర్దేశించింది. చార్జింగ్‌కు వేసిన చీటీ బొమ్మకూ వేస్తే కంపెనీలకు అయ్యేది ఒక్క వరుస సిరా ఖర్చు.

లాప్‌టాప్ పెట్టె మీద ధర పక్కనే, ఈ టైప్-సి రంధ్రం నుంచి బొమ్మ వస్తుందా రాదా, బయట ఎన్ని మానిటర్లు ఏ పరిమాణంలో ఎన్ని హెర్ట్జ్‌ల వద్ద నడుస్తాయి, చార్జి కావడానికి ఎన్ని వాట్లు కావాలి అన్నవి రాయాలి. డాక్ పెట్టె మీద, బొమ్మకు లాప్‌టాప్ రంధ్రం మీద ఆధారపడుతుందా సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడుతుందా, లాప్‌టాప్‌కు నిజంగా చేరే వాట్లెన్ని అన్నవి రాయాలి. ఇవి తెలుగులో కూడా ఉంటే మరీ సంతోషం. ఇంగ్లిషులో ఉన్నా, పెద్ద అక్షరాల్లో ఉంటే సర్దుకుంటాం. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, ప్రమాణాల సంస్థ ఈ దిశగా ఆలోచించేలా మీ పత్రిక ఒక మాట రాయాలని కోరుతున్నాను. కొత్త లాప్‌టాప్‌ల ధర, రంగు, బరువు చెప్పే మీ సాంకేతిక పుటలో అది బయట ఎన్ని తెరలను నడుపుతుందో ఒక్క ముక్క చేర్చితే, ప్రభుత్వం కదిలేలోపు పాఠకులకైనా మేలు జరుగుతుంది.

నేను కొన్న డాక్ ఇప్పుడు మా కుర్రాడి బల్ల మీద ఉంది. నా మానిటర్లలో ఒకటి లాప్‌టాప్‌కున్న హెచ్‌డిఎంఐ మీద, రెండోది విడిగా కొన్న డిస్‌ప్లేలింక్ అడాప్టర్ మీద నడుస్తున్నాయి. ఒక్క వైరు అనుకున్నది మూడయ్యింది. 2బి వచ్చి రెండు రోజులైంది కనుక ఈ ఉత్తరాన్ని ఇక్కడితో ఆపుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
గుంటూరు